దక్షిణాది కుక్కకు దక్షిణాది పేరు

జూన్ నెలాఖరులో ఒక శనివారం మేము షెల్టర్ నుంచి ఇంటికి తెచ్చుకున్న కుక్కకు అప్పటికే ఒక పేరు ఉంది. ఆ వారం అక్కడికి చేరిన కుక్కలన్నిటికీ జున్ను రకాల పేర్లు పెట్టారట. వీడి గది తలుపుకు వేలాడదీసిన అట్టముక్క మీద ‘చెడ్డర్’ అని రాసి ఉంది. నేను అక్కడివారిని తప్పు పట్టను. వచ్చిన ప్రతి కుక్కకూ ఒక కాగితం నింపాలి, ఆ కాగితంలో పేరు గడి ఖాళీగా ఉండకూడదు, రోజుకు అన్ని పేర్లు వెతుక్కోవాలంటే ఎవరికైనా ఏదో ఒక వరస పట్టుకోక తప్పదు. అయితే ఆ పేరుతో పిలిచినప్పుడు వాడు చెవి కూడా కదపలేదు. కారులో ఇంటికి వస్తున్న నలభై నిమిషాల్లో మా అమ్మాయి ఆ పేరును కనీసం ఇరవైసార్లు పిలిచి, చివరికి ‘అమ్మా, ఇది వీడి పేరు కాదు’ అని తేల్చేసింది.

మేము ఉంటున్నది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలో. వాడు దొరికింది అదే రాష్ట్రంలో, కానీ దక్షిణపు కొసన, పొలాల మధ్య సాగే ఒక మట్టిరోడ్డు మీద. పళ్లు చూసి ఏడేళ్లుంటాయని డాక్టరుగారు అంచనా వేశారు. తెలుపు మీద నలుపు, గోధుమరంగు మచ్చలు. నీళ్ల గిన్నెలో మూతి పెడితే ముందుగా తడిసేవి చెవులే, అంత పొడుగు. హౌండ్ అనే వేటకుక్కల జాతి రక్తం ఉన్నదని చెప్పడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, గొంతు వింటే చాలు. వాడు మొరగడు, తల పైకెత్తి రాగం తీస్తాడు. రాత్రిపూట అడవిలో రకూన్ అనే చిన్న జంతువును తరిమి చెట్టెక్కించి, యజమాని లాంతరు పట్టుకుని వచ్చేదాకా ఆ చెట్టు మొదట్లో నిలబడి ఎలుగెత్తి పిలవడం ఆ జాతికి తరతరాలుగా అబ్బిన విద్య. చీకట్లో మనిషి ఆ గొంతును బట్టే దారి వెతుక్కుంటాడు. ఇలాంటి జీవికి ఈ నేల పేరే పెట్టాలని నాకు మొదటి రోజే అనిపించింది.

ఇక్కడ దక్షిణాది అంటున్నది మన దక్షిణాదిని కాదు. జార్జియా, అలబామా, మిసిసిపి, టెనెసీ, కరోలినాలు వంటి అమెరికా దక్షిణ రాష్ట్రాలను. పద్నాలుగేళ్లుగా ఇక్కడి నీళ్లు తాగుతున్నాం, పిల్ల ఇక్కడే పుట్టింది, అయినా మా ఇంట్లో ఈ నేలకు చెందిన పేరు ఒక్కటీ లేదు. మన ఊళ్లలో కుక్కల పేర్లు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే: టామీ, జిమ్మీ, టైగర్, జూలీ. మనుషులకు పూర్వీకుల పేర్లు, దేవుళ్ల పేర్లు పెట్టుకుని కుక్కలకు మాత్రం దొరల పేర్లు పెట్టాం. తెనాలిలో మా తాతగారింట్లో ఉన్న కుక్క పేరు సీజరు. ఆ పేరు గురించి మళ్లీ చెప్పవలసి ఉంటుంది.

పేరు వెతకడానికి మాకు తీరిక బాగానే దొరికింది, అది సంతోషించవలసిన కారణం వల్ల మాత్రం కాదు. వాడి రక్తపరీక్షలో హార్ట్‌వార్మ్ ఉన్నట్టు తేలింది. దోమకాటు వల్ల గుండెలోకి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లోకి చేరి పెరిగే పురుగు అది. దోమలు ఎక్కువగా ఉండే ఈ దక్షిణ రాష్ట్రాల్లో, నెలనెలా నివారణ మందు అందని కుక్కల్లో తరచుగా కనిపిస్తుంది. మొదట నెల రోజులు మాత్రలు, కొంత విరామం తరువాత ఒక సూది, ఆ తరువాత నెల ఆగి, ఒక రోజు తేడాతో మరో రెండు సూదులు. చచ్చిన పురుగుల ముక్కలు రక్తనాళాలకు అడ్డుపడకుండా ఉండాలంటే అన్ని నెలలూ పరుగులు, గెంతులు ఉండకూడదు. మెడపట్టీకి తాడు కట్టి పెరట్లోకి తీసుకుపోవడం, మళ్లీ తెచ్చి పడుకోబెట్టడం, అంతే. సాయంత్రాలు వాడి పక్కన నేలమీద కూర్చుని మేము పేర్లు పిలిచి చూసేవాళ్లం.

ఈ ప్రాంతపు పేర్లకు కొదవ లేదు. సవానా, మేకన్, మెంఫిస్ అని ఊళ్ల పేర్లు ఉన్నాయి. మాగ్నోలియా అని పూల పేరు ఉంది, పీచెస్ అని పండ్ల పేరు ఉంది. మా వారు మేకన్‌లో పెరిగిన గాయకుడు ఓటిస్ రెడింగ్‌కు అభిమాని. 26 ఏళ్లకే, 1967 డిసెంబరులో, విమానప్రమాదంలో పోయిన ఆ మనిషి గొంతు వినని ఆదివారం మా ఇంట్లో ఉండదు కాబట్టి ‘ఓటిస్’ చాలా రోజులు ముందు వరసలో నిలిచింది. నాకు ‘టుపెలో’ నచ్చింది. చిత్తడి నేలల్లో మొదలు ఉబ్బి పెరిగే చెట్టు పేరు అది, మస్కోగీ ఆదివాసుల భాష నుంచి వచ్చింది. మిసిసిపిలో ఎల్విస్ పుట్టిన ఊరి పేరూ అదే. కానీ మా అమ్మ దాన్ని ‘టూపులో’ అని, ‘తుప్పలో’ అని రకరకాలుగా పలికి, చివరికి ‘తుప్పల్లో దొరికినవాడేగా, పోనీ అదే పెట్టండి’ అన్నది. ఆ మాటతో ఆ పేరు మీద నా మోజు పోయింది.

‘బో’ అన్న పేరు ఇక్కడ మగకుక్కలకు ఎంతో మంది పెడతారు. ఫ్రెంచి వాసన ఉన్న మాట, పలకడానికి ఒక్క అక్షరం. కుక్కలకు శిక్షణ ఇచ్చేవారు ఒక హెచ్చరిక చేస్తారు: పేరు మనం ఇచ్చే ఆజ్ఞల్లాగా వినిపించకూడదు. ఇంగ్లీషు మాట్లాడే ఇంట్లో ‘బో’కు ‘నో’తో చిక్కు. మా ఇంట్లో చిక్కు రెండింతలు, ఎందుకంటే మా అమ్మ వాడితో తెలుగే మాట్లాడుతుంది. ‘బో’ అని అమ్మాయి ప్రేమగా పిలిచే పిలుపుకు, వంటగదిలో కాళ్లకు అడ్డం పడినప్పుడు అమ్మ అనే ‘పో’కు తేడా ఆ పెద్ద చెవులకు ఎలా తెలుస్తుంది?

ఈ వెతుకులాటలో నాకు పదే పదే గుర్తుకు వచ్చినది మూడేళ్ల క్రితం అలబామాలో చూసిన ఒక శ్మశానం. టస్కంబియా ఊరి నుంచి అడవి దారిన కొన్ని మైళ్లు పోతే వస్తుంది. రకూన్ వేట కుక్కలకు మాత్రమే కేటాయించిన శ్మశానం అది. 1937 సెప్టెంబరు 4న కీ అండర్‌వుడ్ అనే ఆయన, పదిహేనేళ్లు తనతో వేటకు వచ్చిన ట్రూప్ అనే కుక్కను తామిద్దరూ తిరిగిన ఆ చోటనే, పత్తి బస్తాలో చుట్టి, మూడడుగుల లోతున పూడ్చిపెట్టాడు. పాత పొగగొట్టం నుంచి ఒక రాయి తెచ్చి, సుత్తితో, స్క్రూడ్రైవరుతో దాని మీద ఆ పేరు, తేదీ చెక్కాడు. తరువాత ఒకరిని చూసి ఒకరు తెచ్చి పూడ్చగా అది ఇంత శ్మశానమైంది. కొన్ని గుర్తులు చెక్కవి, కొన్ని రేకువి, కొన్ని పాలరాతివి. చాలావరకు పేర్లు పొట్టివి. నేను ఆ రాళ్ల మధ్య నిలబడి ఒక్కొక్క పేరూ గట్టిగా పలికి చూశాను. అవన్నీ చీకట్లో కొండ అవతలికి వినబడేలా పిలవడానికి పెట్టిన పేర్లని నోటితో పలికితే తప్ప తెలియదు. ఒక పేరు మంచిదో కాదో కాగితం మీద తేలదని నాకు అక్కడే అర్థమైంది.

మా అమ్మాయి కోరిక వేరు. జార్జియా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు గుర్తుగా 1956 నుంచి ఒకే వంశానికి చెందిన తెల్ల బుల్‌డాగులు వస్తున్నాయి. విశ్వవిద్యాలయం పేరులోని పొడి అక్షరాలు కలిపి ప్రతిదానికీ ‘ఉగా’ అనే పేరు పెడతారు, చనిపోయినవాటిని స్టేడియంలోనే సమాధి చేస్తారు. ఆ పేరు అడిగింది. అది గద్దె లాంటి పేరు, వారసులకే చెందుతుంది అని చెప్పి ఒప్పించాను.

అన్నిటికన్నా ఎక్కువమంది మాకు సూచించిన పేరు ‘డిక్సీ’. అది ఆడకుక్కల పేరే అయినా, మగవాడికీ బాగుంటుందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. వినడానికి ముద్దుగానే ఉంటుంది. ఈ దక్షిణ ప్రాంతం మొత్తానికి అది ముద్దుపేరు. నేను మాత్రం దాన్ని గుమ్మంలోకి రానివ్వలేదు, ఎందుకో వివరంగా చెప్పాలి.

ఆ మాట దేశమంతా పాకినది 1859లో న్యూయార్కులో పాడిన ఒక పాటతో. ముఖాలకు మసి పూసుకుని నల్లజాతి వారిని అనుకరిస్తూ తెల్లవారు ఆడే వినోదాల కోసం కట్టిన పాట అది. రెండేళ్లు తిరిగేసరికి, బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి దేశం నుంచి విడిపోయిన రాష్ట్రాలు దాన్నే తమ గీతం చేసుకుని యుద్ధానికి దిగాయి. ఆ మాట తన పేరులో ఉన్న ప్రసిద్ధ సంగీత బృందం ఒకటి 2020లో ఆ మాటను తన పేరులోంచి తీసేసుకున్నది. ఇవన్నీ పాత సంగతులు, కుక్క పేరుకు ఇంత ఆలోచన ఎందుకు అనే స్నేహితులు నాకున్నారు. కానీ మేము ఇల్లు కొనుక్కున్న కౌంటీ ఏదో నాకు తెలుసు. 1912లో ఒక హత్యను సాకుగా చూపి ఇక్కడి తెల్లవారి గుంపులు వెయ్యిమందికి పైగా నల్లజాతి వారిని, అంటే దాదాపు అందరినీ, ఇళ్లూ పొలాలూ చర్చిలూ వదిలి పారిపోయేలా చేశాయి. 1987 జనవరిలో కూడా, సమానత్వం కోరుతూ కొందరు ఊరేగింపుగా నడిస్తే వారి మీద రాళ్లు పడ్డాయి. ఇవాళ అదే కౌంటీలో వేల తెలుగు కుటుంబాలున్నాయి, బతుకమ్మలు పేరుస్తున్నాం, పిల్లల్ని మంచి బడులకు పంపుకుంటున్నాం. అటువంటి చోట వీధిలో నిలబడి సాయంత్రం పూట ‘డిక్సీ, డిక్సీ’ అని నేను ఎలుగెత్తి పిలవలేను.

సీజరు సంగతి కూడా నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. బానిసత్వపు రోజుల్లో ఇక్కడి యజమానులు చాలామంది తాము కొన్న మనుషుల సొంత పేర్లు చెరిపేసి, సీజర్, పాంపే, కేటో వంటి రోమను పేర్లు తగిలించేవారు. పాత వేలం చీట్లలో ఆ పేర్ల పక్కనే వయసూ ధరా ఉంటాయి. మా తాతగారు ఏ చెడు ఉద్దేశమూ లేకుండా, రాజసంగా ఉందని ఆ పేరు పెట్టుకున్నారు, ఆ కుక్కను ప్రాణంగా చూసుకున్నారు. అయినా ఆ చీట్లు చదివిన తరువాత, మాటకు జవాబు చెప్పలేని జీవికి పేరు పెట్టే పని నాకు ఇదివరకటి కంటే బరువుగా తోచింది.

అప్పుడు వెతుకులాట దారి మార్చాను. దక్షిణాది పేరు అంటే పెద్ద భవంతుల వాళ్ల పేర్లే ఎందుకు కావాలి? ఈ నేలను దున్నినవాళ్లు, ఇక్కడి వంటను వండినవాళ్లు ఆఫ్రికా నుంచి తెచ్చి నిలబెట్టుకున్న మాటలు లేవా? ఉన్నాయి. వేరుశనగను ఇక్కడి పల్లెల్లో ‘గూబర్’ అంటారు. కాంగో ప్రాంతపు భాషలోని ‘ఇంగుబా’ అన్న మాట అది. కుక్కకు ఎంతో ముద్దుగా ఉంటుందనుకున్నాను గాని, మా అమ్మకు ‘గూబర్’ అనగానే ‘గూబ’ తప్ప వేరే ఏదీ వినిపించలేదు. ‘ఆ చెవులకు గూబ అని పేరా, పాపం’ అన్నది. ‘గంబో’ అనే పులుసు లూసియానాకు పేరు తెచ్చిన వంటకం; అది బెండకాయకు బంటూ భాషల్లో ఉన్న పేరు. బెండకాయకే ఇంగ్లీషులో ఉన్న ‘ఓక్రా’ అన్న మాట నైజీరియాలోని ఇగ్బో భాష నుంచి వచ్చింది. ఓడల్లో గొలుసులతో వచ్చిన మనుషులతో పాటే ఆ పంట, ఆ పేరు రెండూ ఈ ఒడ్డుకు చేరాయి. తోటల యజమానులు పెట్టని పేరు అది. వాళ్లూ నేర్చుకోవలసి వచ్చిన పేరు.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో తట్టలేదు, పక్కింటి పెరట్లో తట్టింది. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు, నల్లజాతి కుటుంబం వారిది, పుట్టి పెరిగింది జార్జియా దక్షిణాన. ఇక్కడి పిల్లలు పెద్దవారిని ఉత్త పేరుతో పిలవరు, ముందు ‘మిస్’ చేర్చి పిలుస్తారు. మనం పిన్నిగారూ, అత్తయ్యగారూ అన్నట్టే వినిపిస్తుంది నాకు. జూలై రెండో వారంలో ఒక పొద్దున ఆవిడ కంచె మీదుగా నన్ను పిలిచి, ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో గిన్నె పెట్టారు. నా ఎత్తును మించిన బెండ మొక్కలు, ముళ్లు లేని కాయ కాసే రకం. దక్షిణ కరోలినాలోని క్లెమ్సన్ పేరు మీద 1939 నుంచి ఇక్కడి ప్రతి విత్తనాల దుకాణంలోనూ దొరుకుతుంది. మందార జాతి కదా, పూలు లేతపసుపు, నడిమధ్య మాత్రం వంకాయరంగు చుక్క. ఆకులు చేతికి తగిలితే దురద పెడుతుందని పొడుగు చేతుల చొక్కా కూడా ఇచ్చారు. రోజు విడిచి రోజు కోయకపోతే కాయ ముదిరిపోతుందని ఆవిడ చెబుతుంటే, వెనక నుంచి మా అమ్మ అదే మాట తెలుగులో అన్నది. ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరూ కాయ కొనను బొటనవేలితో విరిచి లేతదో కాదో చూశారు. అచ్చం ఒకే తీరు. టప్‌మని విరిగితే గిన్నెలోకి, వంగితే పక్కకు.

ఆ మధ్యాహ్నం ఆవిడ మొక్కజొన్న పిండిలో దొర్లించి నూనెలో వేయించిన బెండకాయలు పంపించారు, మా అమ్మ వేరుశనగలు, ఎండుకొబ్బరి వేసిన వేపుడు పంపించింది. కుక్క కంచె దగ్గరే కూర్చుని, కోతలో కింద పడిన ఒక కాయను రెండు కాళ్ల మధ్య పట్టుకుని శ్రద్ధగా నమిలింది. నేను దాని వంక చూస్తూ ఊరికే ‘ఓక్రా’ అన్నాను. తల తిప్పింది. ఆ కాయ కోసమే చూసిందో, గొంతు విని చూసిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. మా అమ్మాయి వరండాలోంచి పిలిచింది, దానికీ తిరిగింది. మా అమ్మ ‘ఓక్‌రా, రా’ అన్నది. వాడు లేచి నడుచుకుంటూ అమ్మ దగ్గరకు వెళ్లాడు.

అప్పటిదాకా నాకు తోచని సంగతి అది. ఆ పేరు చివర మన ‘రా’ ఉంది. దగ్గరికి రమ్మనే ‘రా’ అదే, ఏరా, ఒరేయ్ అని చనువుగా ఇంట్లో మగపిల్లవాణ్ణి పిలిచే ‘రా’ కూడా అదే. పేరును, రమ్మనే ఆజ్ఞను వేరువేరుగా ఉంచాలని శిక్షకులు చెబుతారని నాకు తెలుసు. పేరు వినగానే మన వైపు చూడాలి, ఆజ్ఞ వినగానే కదలాలి. అయితే సూదులు వేయించుకోబోతూ నెలల తరబడి తాడు మీదనే ఉండవలసిన ఏడేళ్ల కుక్కను మేము పేరు పెట్టి పిలిచేది దాదాపు ప్రతిసారీ దగ్గరికి రమ్మనడానికే. ఆ రెండూ కలిసిపోతే మా ఇంట్లో నష్టమేమీ లేదు.

‘బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరాడు’ అన్న సామెత ఆ సాయంత్రం రానే వచ్చింది. వాడు షెల్టర్‌లో అయిదు నెలలు ఉన్నాడు. వచ్చినవాళ్లంతా పిల్లకుక్కల వైపు పోయారని, గుండెలో పురుగు ఉన్న ఏడేళ్లవాణ్ణి ఎవరూ అడగలేదని అక్కడి అమ్మాయి చెప్పినప్పుడు ఆమె కళ్లు తడి కావడం నేను చూశాను. మా అమ్మ సామెత చెప్పి, వెంటనే వాడి మెడ నిమిరి, ‘ముదిరిన కాయనే కదమ్మా విత్తనానికి ఉంచేది’ అన్నది. తెనాలిలో మా పెరట్లో తీగకు ఒకటి, మొక్కకు ఒకటి చొప్పున ఎండబెట్టి, గుడ్డలో మూటకట్టి దూలానికి వేలాడదీసేవారు. పక్కింటి ఆవిడా తన నాయనమ్మ అలాగే దాచేదని చెప్పారు, గుడ్డమూటకు బదులు చక్కెర డబ్బా.

ఆవిడను నేను ముందుగా అడిగాను. మీ తాతముత్తాతలు తెచ్చిన మాటను కుక్కకు పెడితే మీకు చిన్నతనంగా ఉంటుందా అని మొహమాటపడుతూనే అడిగాను. ఆవిడ కాసేపు వాడి చెవులు పట్టుకుని చూశారు. తన మొదటి కుక్కను తన తండ్రి ‘బిస్కెట్’ అని పిలిచేవాడని, ఇంట్లో అందరూ ఇష్టంగా తినేదాని పేరే ఇంట్లోవాడికి పెడతారని చెప్పారు. ఆ తరువాత కంచె దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆవిడే అందరికన్నా ముందు ఆ పేరు పిలవడం మొదలుపెట్టారు, మొదటి అక్షరాన్ని సాగదీసి, రెండోదాన్ని తేలిగ్గా వదిలేస్తూ. మా అమ్మ రెండో అక్షరాన్ని నొక్కి పలుకుతుంది. వాడు రెండింటికీ వస్తాడు.

మిసిసిపిలోని డెల్టా స్టేట్ విశ్వవిద్యాలయం విద్యార్థులు తమ ఆటల జట్టుకు, చేతికి బాక్సింగ్ తొడుగులు వేసుకుని కోపంగా చూసే బెండకాయను గుర్తుగా పెట్టుకున్నారని మా వారు తరువాత కనుక్కుని వచ్చారు. ఓటిస్‌ను వదులుకున్న బాధ ఆయనకు దానితో కొంత తీరింది.

మొదటి నెల మాత్రలు పోయిన వారం అయిపోయాయి. ఇక్కడి పశువైద్యశాలల్లో మందు సీసా మీద కుక్క పేరుకు ఇంటివాళ్ల ఇంటిపేరు చేర్చి అచ్చు వేస్తారు. సీసా ఖాళీ అయ్యాక పారేయబోతుంటే మా అమ్మ ఆపి, కళ్లజోడు పెట్టుకుని, ఆ చీటీ మీది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది: ఓక్రా, ఆ పక్కన మా ఇంటిపేరు. సీసా కడిగి ఆరబెట్టింది. పక్కింటి ఆవిడ ఇచ్చిన బెండ గింజలు ఇప్పుడు అందులో ఉన్నాయి.